చిన్న ప్రేమకథకి టైము ఎక్కడ దొరుకుతుంది?

అమెరికాలో ఇంజినీరుగా పనిచేసి దాచుకున్న డబ్బుతో నగేష్ కుకునూర్ 'హైదరాబాద్ బ్లూస్' తీశారు. 1998 నాటి సంగతి. కథ, దర్శకత్వం, నిర్మాణం, హీరో వేషం అన్నీ ఆయనవే. అమెరికా నుంచి సెలవులకి వచ్చిన కుర్రాడు, పెళ్లి పెళ్లి అని వెంటపడే ఇంట్లోవాళ్లు, స్నేహితుల బాతాఖానీ, మధ్యలో ఒక డాక్టరమ్మాయి. ఇంగ్లిష్, హిందీ, తెలుగు ఒకే వాక్యంలో కలిపేసే అచ్చమైన హైదరాబాదీ మాటలు. ఖర్చు 17 లక్షలు, షూటింగ్ 17 రోజులు.

ఈ సినిమా ప్రస్తావన వస్తే అందరూ ఆ 17 లక్షల దగ్గరే ఆగి ఆశ్చర్యపోతారు. నన్నడిగితే ఆశ్చర్యపోవాల్సింది రెండో అంకె చూసి. సుమారు గంటన్నర సినిమా 17 రోజుల్లో అయిపోవాలంటే రోజుకి ఐదు నిమిషాల సినిమా డబ్బాలో పడాలి. అది ఫిల్ము కాలం. 35 ఎంఎం ఫిల్ములో 400 అడుగుల రోలు నాలుగున్నర నిమిషాల్లో ఖాళీ అవుతుంది. టేకు పాడైతే టైమూ పోయింది, ఫిల్మూ పోయింది. కాబట్టి కొబ్బరికాయ కొట్టేనాటికే సినిమా సగానికి పైగా కాగితం మీదా, నటుల నోళ్లలోనూ పూర్తయి ఉండాలి. ఇప్పటికీ తక్కువ డబ్బుతో తీసే ప్రేమకథలు ఈ చిక్కుముడి చుట్టూనే తిరుగుతాయి. నవ్వించడానికి టైమింగ్ కావాలి, టైమింగ్ కుదరాలంటే టైము కావాలి, సెట్లో టైమంటే డబ్బు.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. మన దగ్గర 'చిన్న సినిమా'నీ 'ఇండిపెండెంట్ సినిమా'నీ ఒకే గాటన కట్టేస్తారు. రెండు కోట్లలో పెద్ద బ్యానరు తీసినది చిన్న సినిమాయే కానీ ఇండిపెండెంట్ కాదు. క్లైమాక్సు మార్చాలా, ఐటెం సాంగు పెట్టాలా, ఫలానా కమెడియన్‌ని ఇరికించాలా అన్నది ఎవరు తేలుస్తారు అన్నదాన్ని బట్టి ఆ పేరు వస్తుంది. ఆ మాట చెప్పే హక్కు తీసేవాళ్ల దగ్గరే ఉంటే ఇండిపెండెంట్. ఆ హక్కు నిలవాలంటే పెట్టుబడి ఎక్కడిదన్నది ముఖ్యం. ఫైనాన్షియర్ దగ్గర వడ్డీకి తెస్తే నెల నెలా మీటరు తిరుగుతుంటుంది, విడుదలకి అతనికే ఎక్కువ తొందర. అందుకే ఇలాంటి సినిమాల వెనక తరచూ సినిమా బయటి డబ్బు కనిపిస్తుంది. సొంత జీతం, స్నేహితుల చందాలు, ప్రవాసాంధ్రుల ఆసక్తి. 'కేరాఫ్ కంచరపాలెం' నిర్మాత పరుచూరి విజయ ప్రవీణ అమెరికాలో గుండె వైద్యురాలు, ఆ సినిమాలో ఒక ముఖ్య పాత్ర కూడా వేశారు. వడ్డీ లేని డబ్బుకి ఓపిక ఎక్కువ.

మరి ప్రేమకథే ఎందుకు? కొత్త దర్శకుల చేతిలో రెండే రకాల కథలు ఎక్కువ కనిపిస్తాయి: ఒకటి హారర్, ఇంకొకటి రొమాంటిక్ కామెడీ. రెండూ ఒక ఇంట్లో తీసేయొచ్చు. రాజులు, రైళ్లు, గ్రాఫిక్సులు అక్కర్లేదు. ఇద్దరు మనుషులు, ఒక కాఫీ కప్పు, కాస్త మాట. కానీ హారర్‌లో లైటు తగ్గించి, శబ్దం పెంచి కొంత కప్పిపుచ్చుకోవచ్చు. కామెడీకి ఆ వెసులుబాటు లేదు. పంచ్ అర సెకను ఆలస్యమైతే హాల్లో దగ్గులు వినిపిస్తాయి. అబ్బాయి అమ్మాయి మధ్య ఏదో ఉందన్న నమ్మకం కలగకపోతే స్విట్జర్లాండు తీసుకెళ్లినా లాభం లేదు. చౌక అనుకుని ఈ దారిలోకి వచ్చినవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

2016 జూలై 29న వచ్చిన 'పెళ్లిచూపులు'ని చూడండి. తరుణ్ భాస్కర్‌కి అది మొదటి సినిమా, అంతకుముందు షార్ట్ ఫిల్ములు తీశారు. అందులో అసలు మలుపంతా ఒక గదిలో జరుగుతుంది. చిరునామా తప్పి వేరే ఇంటికి పెళ్లిచూపులకి వెళ్లిన కుర్రాడు, ఆ అమ్మాయి, బయట గడియ. తలుపు తెరుచుకునేదాకా ఇద్దరూ మాట్లాడుకోవాలి, ఇంకేం చేయలేరు. నిర్మాత వైపు నుంచి చూస్తే ఇంతకన్నా పొదుపైన ఏర్పాటు లేదు: ఒక గది, ఇద్దరు నటులు, ఒకే లైటింగు. రచయిత వైపు నుంచి చూస్తే ఇంతకన్నా ప్రమాదకరమైనదీ లేదు, డైలాగు తేలిపోతే పట్టుకోవడానికి గోడ తప్ప ఏమీ లేదు. పొదుపు కోసం పెట్టిన ఇరుకు కథకి కూడా అవసరమయ్యేలా రాయడం, అదీ నైపుణ్యం. గడియ పడకపోతే వాళ్లిద్దరూ మాట్లాడుకునేవాళ్లే కాదు కదా.

రాసేటప్పుడు టైము చౌక. రూమ్మేట్ వండిన ఉప్మా తింటూ ఆరు నెలలు డైలాగ్ వెర్షన్ తిరగరాసినా మీటరు తిరగదు. తెలివైన టీములు సెట్లో జరిగే పనిని ఎంత వీలైతే అంత ఇక్కడికి జరుపుతాయి. నటులందరినీ ఒక గదిలో కూచోబెట్టి స్క్రిప్టు మొదటి నుంచి చివరిదాకా చదివిస్తారు. ఎక్కడ నాలిక మడతపడుతోందో, ఏ జోకు రాసినవాడికి మాత్రమే నవ్వొస్తోందో తెలిసిపోతుంది. తర్వాత నిజమైన లొకేషన్‌లోనే రిహార్సల్, ఫోనుతో సీన్లు తీసి చూసుకోవడం. యూట్యూబ్ షార్ట్ ఫిల్ముల నుంచి వచ్చిన తరానికి ఈ అలవాటు ముందే ఉంది. 'పెళ్లిచూపులు' హీరోయిన్ రీతూ వర్మ అప్పటికే తరుణ్ భాస్కర్ షార్ట్ ఫిల్ములో నటించి ఉన్నారు. కెమిస్ట్రీ అని మనం ఏదో మాయలా మాట్లాడతాం కానీ, అందులో సగం పాత పరిచయమే.

సెట్లోకి అడుగు పెట్టగానే లెక్క మారుతుంది. ఊహకి ఒక లెక్క వేద్దాం. కెమెరా, లైట్లు, సౌండు, యూనిట్ బాటాలు (రోజువారీ భత్యాలు), భోజనాలు, బండ్లు, లొకేషన్ అద్దె అన్నీ కలిపి రోజుకి 3 లక్షలు అనుకోండి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా కాల్షీట్. అంటే గంటకి 25 వేలు. టిఫిన్లు ఆలస్యమై గంట పోయిందంటే ఆ ఇడ్లీలు 25 వేలవి. 120 పేజీల స్క్రిప్టుని 25 రోజుల్లో తీయాలంటే రోజుకి దాదాపు ఐదు పేజీలు. ఒక్కో సీనుకి మొత్తం కనపడే మాస్టర్ షాట్, ఒకరి భుజం మీదుగా ఇంకొకరిని చూపే సజెషన్ అటొకటి ఇటొకటి, రెండు క్లోజప్‌లు అనుకుంటే మధ్యాహ్నం భోజనాల వేళకే దర్శకుడి మొహంలో టెన్షన్ కనపడుతుంది. అప్పుడు చేసే మొదటి పని షాట్లు తగ్గించడం. ఇద్దరినీ ఒకే ఫ్రేములో పెట్టి సీనంతా ఒక్క టేకులో లాగించేస్తారు. విచిత్రమేమిటంటే కామెడీకి ఇది చాలాసార్లు మేలే చేస్తుంది. ఒకరు అంటుంటే ఇంకొకరి మొహం ఎలా మారుతోందో చూస్తేనే నవ్వు వస్తుంది. కట్ చేసి చూపిస్తే సగం పోతుంది.

పాటల దగ్గరా ఇదే సూత్రం. పెదాలు కదిపే పాటంటే డాన్స్ మాస్టరు, గ్రూప్ డాన్సర్లు, ప్లేబ్యాక్, రెండు మూడు రోజులు. మాంటేజ్ పాటంటే హీరో హీరోయిన్ నడుస్తుంటే, టీ తాగుతుంటే, మిగతా సీన్ల మధ్య దొరికిన సందుల్లో తీసుకున్న ముక్కలు. ఈ తరహా సినిమాల్లో పాట ఎప్పుడూ వెనకాల వినిపిస్తుంటుంది కదా. అది అభిరుచి అని విమర్శకులు రాస్తారు. అభిరుచీ ఉంది, కాల్షీట్లూ ఉన్నాయి.

ఇక సౌండు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లకి అసలు కనపడని ఖర్చు ఇదే. తెలుగులో మామూలు పద్ధతి డబ్బింగ్. సెట్లో రికార్డయ్యేది పైలట్ ట్రాక్ మాత్రమే. గోల ఉన్నా పరవాలేదు, తర్వాత డబ్బింగ్ థియేటర్లో నిలబడి మళ్లీ చెబుతారు. తెలుగు రాని హీరోయిన్‌కి కెమెరా పక్కన అసిస్టెంట్ డైరెక్టరు ప్రాంప్టింగ్ ఇస్తూ ఉంటాడు, ఆమె పెదాలు కదుపుతుంది, గొంతు ఇంకెవరిదో పడుతుంది. పెద్ద సినిమా బండి దశాబ్దాలుగా ఇలాగే నడుస్తోంది.

సింక్ సౌండ్ అంటే సెట్లో పలికిందే ఫైనల్. 'పెళ్లిచూపులు', 'కేరాఫ్ కంచరపాలెం' రెండూ ఇలా తీసినవే. ఇద్దరు ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడుకోవడం, మధ్యలో నిజంగా వచ్చిన చిన్న నవ్వు, తడబాటు, 'ఆఁ' అనే సాగదీత, ఇవన్నీ డబ్బింగ్ థియేటర్లో ఒక్కరే నిలబడి చెప్పినప్పుడు ఎగిరిపోతాయి. ప్రేమకథకి ప్రాణం ఆ చిల్లర శబ్దాల్లోనే ఉంటుంది. కానీ సింక్ సౌండ్ ఎంచుకున్నారంటే ప్రాంప్టింగ్ బంద్. నటులకి తెలుగు రావాలి, లైను కంఠతా రావాలి. అంటే సాంకేతిక నిర్ణయంలా కనిపించేది నిజానికి నటుల ఎంపికని కూడా తేల్చేస్తోంది. తెలుగమ్మాయిలకి అవకాశాలు లేవని ఏళ్ల తరబడి చర్చలు పెట్టుకున్నాం, ఒక మైకు ఆ పని కొంత చేసింది.

దీనికి మూల్యం హైదరాబాద్‌లో షూటింగ్ చేసినవాళ్లని అడగాలి. అపార్ట్‌మెంట్‌లో సీను. కింద 'పాత ఇనుప సామాన్లు కొంటాం' అని టేపు తిప్పుతూ ఆటో. పై ఫ్లోరులో డ్రిల్లింగు. పక్క ఫ్లాట్ కుక్కరు మూడో విజిల్ సరిగ్గా హీరో ప్రేమ చెప్పేటప్పుడే వేస్తుంది. మన లెక్క ప్రకారం ఆ కుక్కరు వల్ల పది నిమిషాలు పోతే 4 వేల పైచిలుకు, పప్పు ధర అదనం. ఏసీ ఆపాలి, ఫ్యాను ఆపాలి. ఏప్రిల్‌లో అయితే మేకప్ కారిపోతుంది, టచప్‌కి మళ్లీ ఆగాలి. ఫ్రిజ్ ఆపేసి, తిరిగి వేయడం మర్చిపోకుండా కారు తాళాలు అందులోనే పెట్టే సౌండ్ రికార్డిస్టులు ఉన్నారు. జనరేటరు వీధి చివర పెట్టి కేబుళ్లు లాక్కోవాలి. సీను అయ్యాక అందరినీ ఊపిరి బిగబట్టి నిలబడమని అర నిమిషం ఖాళీ గది చప్పుడు రికార్డు చేస్తారు, ఎడిటింగులో అతుకులు కనపడకుండా ఉండటానికి. ముప్పై మంది ఏమీ చేయకుండా నిలబడే ఆ అర నిమిషానికీ డబ్బులు పడతాయి మరి.

ఒక చిన్న పక్కదారి. ప్రేమకథ కదా, హీరోయిన్‌కి ఒక కుక్కపిల్ల ఉంటే ముద్దుగా ఉంటుందని రాసేస్తారు. జంతువుని తెర మీద వాడాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కి ముందే తీసుకోవాలి, తర్వాత అభ్యంతరం లేదన్న పత్రం కూడా తేవాలి. అది లేకుండా సెన్సారు ముందుకి వెళితే అక్కడే ఇరుక్కుంటారు. హీరో బాల్కనీలో సిగరెట్ కాలిస్తే సినిమా మొదట్లో, ఇంటర్వెల్ తర్వాత హెచ్చరికలు, కాల్చినంతసేపూ కింద అక్షరాలు. అనుభవం ఉన్న ప్రొడక్షన్ మేనేజరు స్క్రిప్టు చదివేటప్పుడే కుక్కనీ సిగరెట్‌నీ కొట్టేస్తాడు.

గుమ్మడికాయ కొట్టేశాక టైము మళ్లీ కాస్త చౌక అవుతుంది, ఎడిటింగ్ గదిలో. ఇక్కడ ప్రమాదం వేరు. ఒక జోకుని యాభైసార్లు చూసిన ఎడిటరుకి అది నవ్వుగా అనిపించడం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. తీసేయబుద్ధవుతుంది. పనికిరాని సీనేమో తీయడానికి ఎంత కష్టపడ్డామో గుర్తొచ్చి ఉంచేయబుద్ధవుతుంది. సినిమాతో సంబంధం లేని ఇరవై మందిని పిలిచి చూపించి, వెనక కూచుని వాళ్ల భుజాలు ఎక్కడ కదిలాయో చూడటమే దీనికి మందు. తర్వాత రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం), డీఐ (రంగులు సరిచేయడం), మిక్సింగ్, సెన్సారు. 2023లో చట్టం మార్చాక పిల్లలు పెద్దల సలహాతో చూడాల్సిన సినిమాలకిచ్చే యూఏ సర్టిఫికెట్ 7+, 13+, 16+ అని మూడు ముక్కలైంది. ప్రేమకథలకి సాధారణంగా ఇక్కడ పెద్ద తలనొప్పి ఉండదు, ఒకటి రెండు బీపులు తప్ప.

ఫస్ట్ కాపీ చేతికి వచ్చేసరికి తీసినవాళ్లు సినిమా అయిపోయిందనుకుంటారు. అసలు ఖరీదైన టైము ఇప్పుడు మొదలవుతుంది: తెర మీది టైము.

పెద్ద హీరో సినిమాని నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గుంటూరు అని ఏరియాలవారీగా డిస్ట్రిబ్యూటర్లు ముందే డబ్బిచ్చి కొనుక్కుంటారు. ముక్కూ మొహం తెలియని సినిమాకి ఎవరూ ఎంజీ (ఇంత వస్తుందని ముందే ఇచ్చే హామీ సొమ్ము) ఇవ్వరు. మిగిలేది కమీషన్ మీద విడుదల, అంటే సొంత రిలీజు కిందే లెక్క. తెలుగు రాష్ట్రాల్లో సింగిల్ స్క్రీన్లు ఎక్కువగా అద్దె పద్ధతిలో నడుస్తున్నాయి. వారానికి అద్దె 2 లక్షలు అనుకుందాం. పన్ను పోగా లక్షా నలభై వేలే వసూలైతే మిగతా 60 వేలు నిర్మాత జేబులోంచి కట్టాలి. దీన్నే డెఫిసిట్ అంటారు. సినిమా ఆడించినందుకు ఎదురు డబ్బులివ్వడం! పెద్ద సినిమాకి అద్దె పద్ధతి లాభం, హాలు నిండినంతకాలం మిగతాదంతా తమదే. థియేటర్ల వాళ్లేమో అద్దెకి బదులు తమకీ వసూళ్లలో వాటా పద్ధతే కావాలని 2025 మేలో జూన్ నుంచి హాళ్లు మూసేస్తామన్నదాకా వెళ్లి ఆగారు.

మల్టీప్లెక్సులో వాటాలే. అక్కడా లెక్క చూడండి. టికెట్ 150 రూపాయలు. అందులో 18 శాతం జీఎస్టీ కిందకి దాదాపు 23 పోతాయి. మిగిలిన 127లో మొదటి వారం సగం వస్తుందనుకుంటే 63 చిల్లర. తర్వాతి వారాల్లో అదీ తగ్గుతుంది. డిస్ట్రిబ్యూటరు కమీషన్, పోస్టర్లు, యాడ్లు ఇందులోంచే. డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీలకి ప్రింటు ఫీజు అదనం. ఈ ఫీజు మీదే గొడవై 2018 మార్చిలో దక్షిణాదిలో హాళ్లు కొన్నాళ్లు మూతపడ్డాయి. కోటిన్నరలో తీసిన సినిమా, కమీషన్లు పబ్లిసిటీ అసలు లెక్కలో వేయకుండానే, ఒడ్డున పడాలంటే ఇలాంటి టికెట్లు దాదాపు 2 లక్షల 36 వేలు తెగాలి. స్టార్ లేని సినిమాకి అంతమందికి శుక్రవారం పొద్దున కబురెవరు చెబుతారు?

ఇక్కడే ఇండిపెండెంట్ సినిమా చాలావరకు తన స్వతంత్రాన్ని పక్కనపెట్టి ఒక పెద్ద తలుపు తడుతుంది. 'పెళ్లిచూపులు' నిర్మాతలు రాజ్ కందుకూరి, యష్ రంగినేని, కానీ జనం ముందుకి డి. సురేష్ బాబు సమర్పణలో వచ్చింది. 'కేరాఫ్ కంచరపాలెం' 2018 సెప్టెంబరులో రానా దగ్గుబాటి సమర్పణలో వచ్చింది. తీసేటప్పుడు లేని పేరు విడుదలప్పుడు పైన పడటాన్ని కొందరు రాజీ అంటారు. నాకలా అనిపించదు. సినిమా పూర్తయ్యాకే ఆ చేయి పడింది కాబట్టి కథ ఎవరూ ముట్టుకోలేదు. సమర్పకుడు ఇచ్చేది ప్రధానంగా రెండు: థియేటర్ల గొలుసులోకి దారి, ఇంకొన్ని రోజుల టైము. సోమవారం హాలు పలచబడినా 'ఇంకో వారం ఉంచండి' అని ఫోను చేస్తే వినే మనిషి కావాలి.

ఆ ఇంకో వారం ఎంత విలువైనదో శేఖర్ కమ్ముల 'ఆనంద్' చెబుతుంది. 2004 అక్టోబర్ 15న, సరిగ్గా చిరంజీవి 'శంకర్‌దాదా ఎంబీబీఎస్' వచ్చిన రోజునే విడుదలైంది. ఆ రోజు ఎవరినడిగినా ఈ సినిమా పేరు కూడా తెలియదనేవారు. పోటీ ఏమీ లేనట్టు, ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుని మెల్లగా పుంజుకుంది. మౌఖిక ప్రచారం నడిచి వస్తుంది, పరిగెత్తి రాదు. శుక్రవారం చూసినవాడు శనివారం చెబితే, విన్నవాడు ఇంట్లోవాళ్లని ఒప్పించి ఆదివారం లేదా వచ్చే వారం వెళతాడు. ఈలోగా హాలు మారిపోతే అంతే. 'పెళ్లిచూపులు'కి ఈ విషయంలో కాలం కలిసొచ్చింది. 'కబాలి' వచ్చి వారమైంది, 'జనతా గ్యారేజ్' రావడానికి ఇంకా నెల ఉంది. ఆ సందు దొరికింది, సినిమా దాన్ని వాడుకుంది. తర్వాత జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రం, సంభాషణలకి అవార్డులూ, హిందీ, మలయాళం, తమిళం రీమేకులూ వచ్చాయి. రీమేక్ హక్కులంటే కథని ఇంకోసారి అమ్ముకోవడం, స్టార్ లేని సినిమాకి అది పెద్ద ఊరట.

ఓటీటీలు వచ్చాక ఈ బాధలన్నీ తప్పుతాయని కొవిడ్ రోజుల్లో గట్టిగా నమ్మారు. కొన్నాళ్లు నిజమే, హాలు ముఖం చూడకుండానే సినిమాలు అమ్ముడుపోయాయి. ఇప్పుడు పేరున్న నటులు లేని సినిమా తీసుకెళితే 'ముందు థియేటర్లో వేయండి, ఎలా ఆడుతుందో చూసి మాట్లాడదాం' అనే మాట ఎక్కువ వినిపిస్తోంది. తిరిగి తిరిగి శుక్రవారం దగ్గరికే వచ్చాం.

అందుకే ఈ మధ్య కొత్తవాళ్లు గురువారం రాత్రి పెయిడ్ ప్రీమియర్లు, ఇంకా ముందు నుంచే ఊరూరా షోలు వేస్తున్నారు. మాట నడిచి రావడానికి రెండు మూడు రోజులు ముందుగా బయలుదేరదీయడం అన్నమాట. ధైర్యం కావాలి, సినిమా బాగోలేకపోతే ఆ మాట కూడా రెండు రోజులు ముందే ఊరంతా చేరుతుంది. బాగుంటే శనివారానికి ఫస్ట్ షోలు నిండుతాయి, ఆదివారం ఎలాగూ జనం ఉంటారు. సోమవారం పదకొండున్నర దాటాక డిస్ట్రిబ్యూటరు ఆఫీసు నుంచి ఫోను వస్తుంది, మార్నింగ్ షోకి ఎన్ని టికెట్లు తెగాయో చెప్పడానికి.